గుర్రం నేను చేశాను, పేరు మా బావది

విజయవాడ నుంచి ఒక పాఠకుడు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్పై ఆరు. ఆటోనగర్‌లో తండ్రికి వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు, అప్పుడప్పుడు లారీ బాడీ పనులు చేస్తారు. పదో తరగతి అయ్యాక ఈయన కూడా అందులోనే చేరారు. కొన్నేళ్ల కిందట పక్క షాపువాళ్లు పాత ఇనుము కొట్టుకు వేయబోతున్న గేర్ చక్రాలు, బేరింగులు అడిగి తెచ్చుకుని సరదాగా ఒక కొంగను చేశారట. అప్పటి నుంచి షాపు పని అయ్యాక రాత్రిళ్లు ఇదే పని. గేర్లతో టీపాయిలు, క్రాంక్‌షాఫ్ట్‌తో దీపపు స్తంభాలు, సైకిల్ చైన్లతో గుడ్లగూబలు చేస్తున్నారు.

భార్య అన్నయ్యకు హైదరాబాద్‌లో ఇంటీరియర్స్ షాపు ఉంది. బొమ్మలన్నీ ఆయనే తీసుకెళ్లి అమ్ముతారు. కొత్త వెల్డింగ్ మెషిన్, కంప్రెసర్ కొనడానికి వడ్డీ లేకుండా లక్ష రూపాయలు ఇచ్చింది కూడా ఆయనే. అందులో ఇంకా నలభై వేలు తీర్చాలి. ఈ మధ్య చేసిన ఒక గుర్రానికి నలభై రోజులు పట్టింది. "చెవులు మూడుసార్లు కోసి మళ్లీ అతికాను, అప్పటికి గాని గుర్రం నా మాట వింటున్నట్టు అనిపించలేదు" అని రాశారు. రెండు వందల కిలోలు తూగింది. కిలో మూడు వందల చొప్పున లెక్కగట్టి బావకు అరవై వేలకు ఇచ్చారు. తర్వాత ఒక బంధువు ఆ షాపులో తీసిన ఫొటో చూపించాడు. గుర్రం ధర 2,10,000 రూపాయలు. కింద పలక మీద రూపకర్తగా బావ పేరు ఉంది. అడిగితే, "నువ్వు వెల్డింగ్ చేశావు, ఐడియా నాది" అన్నాడట. గుర్రం కావాలని ఫోన్లో చెప్పడం తప్ప ఆయన చేసింది ఏమీ లేదని వీరి బాధ.

షాపు లెక్కలు, బిల్లులు చూసే భార్య, "అవసరానికి ఆదుకున్నాడు, మా అన్నయ్యతో గొడవ పెట్టుకోకు" అంటున్నారు. తండ్రిది ఇంకో మాట. "గేటు చేస్తే ఇంటికి కాపలా కాస్తుంది, నీ గుర్రం ఏం కాస్తుంది?" అని పనివాళ్ల ముందే అన్నారట. ఇప్పుడు అదే బావ ద్వారా విశాఖ తీరంలోని ఒక రిసార్టుకు పద్నాలుగు అడుగుల చేప కావాలని ఆర్డరు వచ్చింది. గడువు రెండు నెలలు. ఇనుము కొనడానికి భార్య నగలు తాకట్టు పెడదామనుకుంటున్నారు. గేట్ల పని మానేసి పూర్తిగా బొమ్మలకే వెళ్లాలా, ఇదంతా వదిలేసి నాన్న చెప్పినట్టు షాపు చూసుకోవాలా అని అడుగుతున్నారు. మధ్యలో ఒకే ఒక్క వాక్యంలో, "జి.ఐ. పైపు పని ఎక్కువున్న రోజు రాత్రి చలిజ్వరం వస్తుంది, పాలు తాగి పడుకుంటే మర్నాటికి తగ్గిపోతుంది" అని కూడా రాశారు.

జవాబు:

తమ్ముడూ, మీరు అడిగిన ప్రశ్న కంటే ముందు అడగని ఆ చలిజ్వరం గురించి మాట్లాడాలి. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన వాక్యం అదే.

జి.ఐ. పైపుకు, రేకుకు పైన ఉండేది జింకు పూత. జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీల వేడి కావాలి. అంటే మీ రాడ్డు కింద ఉక్కు కరిగేలోపే ఆ పూత తెల్లటి పొగగా లేచి మీ ముఖం మీదికి వస్తుంది. అది పీల్చిన కొన్ని గంటలకు నోట్లో తియ్యగా లోహపు రుచి, వణుకు, ఒళ్లు నొప్పులు, జ్వరం వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. రోజూ పీల్చేవారికి శరీరం కొంత అలవాటు పడుతుంది. సెలవు రోజు గడిచాక ఆ అలవాటు పోయి, మళ్లీ పనిలోకి వచ్చిన రోజు జ్వరం తిరగబెడుతుంది. అందుకే దీన్ని కొన్ని దేశాల్లో సోమవారం జ్వరం అంటారు. తగ్గిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పాలు, బెల్లం, అరటిపండు పొగను కడిగేస్తాయని మన షాపుల్లో అందరూ నమ్ముతారు. కానీ మీరు తాగిన పాలు కడుపులోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఒకదానికి ఒకటి తగలదు.

పైగా గేట్ల పనికీ మీ బొమ్మల పనికీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. గేటుకు కొత్త ఎం.ఎస్. పైపు, అంటే పూత లేని మామూలు ఉక్కు పైపు కొంటారు, అదేమిటో మీకు తెలుసు. పాత ఇనుము కొట్టు నుంచి తెచ్చిన ముక్క అంతకుముందు ఏ బండిలో ఉందో, దాని మీద ఏ పూత ఉందో తెలియదు. మెరిసే హ్యాండిల్ బార్లు, పాత బంపర్ల మీద క్రోమియం ఉంటుంది. కొన్ని పాత బోల్టుల మీది పసుపు పూతలో కాడ్మియం ఉండవచ్చు, దాని పొగ ప్రాణం తీయగలదు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, వెల్డింగ్ పొగను మొత్తంగానే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది.

అందుకని అతుకు వేసే చోట రెండు వైపులా మూడు నాలుగు అంగుళాల మేర పూతను గ్రైండర్‌తో తీసేయండి. ఆ ధూళి కూడా మంచిది కాదు కాబట్టి అప్పుడు కూడా మాస్కు ఉండాలి. కాడ్మియం అని అనుమానం ఉన్న ముక్కను రుద్దకుండా, వేడి చేయకుండా పక్కన పడేయండి. షెడ్డు లోపల కాకుండా బయట, ఫ్యాను గాలి పక్క నుంచి పొగను తోసుకుపోయేలా పెట్టుకుని చేయండి. ముఖానికి కట్టుకునే కర్చీఫ్ ఈ పొగను ఆపదు. లోహపు పొగకు పనికొచ్చే ఫిల్టర్లున్న మాస్కు కొనండి, మీ హెల్మెట్ కింద సరిగ్గా పట్టేది చూసుకోండి. నాన్నగారు కూడా ఆ షెడ్డులోనే కూర్చుంటారు కదా, ఆయనకు కూడా ఒకటి. ఇద్దరూ ఒకసారి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల బలం చూసే పరీక్ష చేయించుకోండి. చేసే పని వివరంగా చెప్పండి, చెప్పకపోతే డాక్టరు మామూలు జ్వరం అనుకోవచ్చు. వెల్డింగ్ చేసిన రోజు రాత్రి గాని మర్నాడు గాని ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం జరిగితే తెల్లారే వరకు ఆగకండి.

ఇంకో మాట కూడా ఇక్కడే. పాత షాక్ అబ్జార్బర్లను నేరుగా కోయకండి, లోపల ఒత్తిడితో నూనె, గ్యాస్ ఉంటాయి. పెట్రోలు ట్యాంకు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉన్నా లోపల ఆవిరి మిగిలి ఉంటే పేలవచ్చు. కొన్ని ఇంజిన్ల ఎగ్జాస్ట్ వాల్వులు లోపల బోలుగా ఉండి సోడియంతో నింపి ఉంటాయి. వాటిని కోస్తే, ఆ సోడియానికి నీళ్లు తగిలితే ప్రమాదం. బ్రేకు క్లీనర్‌తో తుడిచిన భాగాన్ని వెంటనే వెల్డింగ్ చేయకండి, అందులో క్లోరిన్ రకం ద్రావకం ఉంటే ఆర్క్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇవన్నీ మీకు కొన్ని తెలిసే ఉంటాయి. రాత్రిపూట పక్కన పనిచేసే కుర్రాడికి తెలుసా అన్నది చూసుకోండి.

ఇక గుర్రం ధర. బావ మీద కోపం రావడానికి ముందే మీరు నష్టపోయారు. ఆ నష్టం మీరు వేసుకున్న లెక్కలోనే ఉంది.

కిలో లెక్క గేటుకు సరిపోతుంది. గేటులో ఇనుము పెరిగితే పని కూడా దాదాపు అంతే పెరుగుతుంది. బొమ్మలో అలా కాదు. మీరు మూడుసార్లు కోసి అతికిన ఆ రెండు చెవులూ కలిపి రెండు కిలోలు ఉంటాయేమో. మీ లెక్కన వాటికి మీకు దక్కింది ఆరు వందలు. గుర్రాన్ని గుర్రంగా చేసింది ఆ చెవులే. మీరు ఇచ్చిన వివరాలతోనే నేను ఇంకో లెక్క వేశాను. రెండు వందల కిలోల తుక్కు కిలో నలభై చొప్పున 8,000. రాడ్లు, గ్రైండర్ డిస్కులు 9,000. కరెంటు, మెషిన్ అరుగుదల 3,000. రంగు, లక్కర్ 2,000. మొత్తం 22,000. సహాయకుడికి రోజుకు ఆరు వందల చొప్పున ఇరవై ఐదు రోజులకు 15,000. మీరు బయట వేరేవాళ్ల దగ్గర పనిచేస్తే రోజుకు వెయ్యి వస్తుందని రాశారు, నలభై రోజులకు 40,000. అన్నీ కలిపితే 77,000. మీరు ఇచ్చింది అరవై వేలకు. అంటే పదిహేడు వేలు మీరే ఎదురిచ్చారు. షెడ్డు అద్దె, లాభం ఇందులో లేవు. ఇరవై శాతం అయినా కలుపుకుంటే తొంభై వేలకు తక్కువగా ఆ గుర్రం మీ షెడ్డు దాటకూడదు. ఇకనుంచి ప్రతి బొమ్మకూ ఒక పుస్తకంలో రోజులు, గంటలు రాసుకోండి. టీపాయిలాంటి వాటికి ఈ లెక్క ఇంకా తేలిక. రెండోది చేసేటప్పటికి ఎన్ని గంటలు పడుతుందో ముందే తెలుస్తుంది, నెల నెలా డబ్బు తెచ్చేవి కూడా అవే. గుర్రం రెండు నెలలు షాపులో నిలబడిపోవచ్చు, దీపపు స్తంభం నిలబడదు. దీపాలు చేసేటప్పుడు మాత్రం మొత్తం ఇనుమే కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు తప్పనిసరి. టీపాయి పైన మామూలు అద్దం కాకుండా టఫెన్డ్ గ్లాస్ వేయండి.

బావగారి విషయంలో మీ కోపంలో రెండు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీయాలి. ఆయన 2,10,000కు అమ్మకానికి పెట్టడం తప్పు కాదు. హైదరాబాద్‌లో షాపు అద్దె, రవాణా, అమ్ముడుపోకపోతే అక్కడే పడి ఉండే రిస్కు ఆయనవి. కళావస్తువులు అమ్మే గ్యాలరీలు కూడా సాధారణంగా అమ్మకం ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటాయి. అయితే సగం పంచుకున్నా మీకు 1,05,000 వచ్చేది. ఆ ధర మీకు తెలియనివ్వకపోవడం ఒక తప్పు. పేరు మార్చేయడం అంతకంటే పెద్ద తప్పు.

ఐడియా తనది అన్నారు కదా. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం శిల్పం ఒక కళాకృతి. చట్టం కాపాడేది ఆలోచనను కాదు, దానికి ఇచ్చిన రూపాన్ని. గుర్రం చేయాలన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. మీరు ఏ గేరును మెడగా వంచారో, ఏ చైనును జూలుగా వేశారో అది మీది. డబ్బిచ్చి చేయించుకున్నంత మాత్రాన శిల్పం మీద ఉండే కాపీరైట్ హక్కు కొన్నవారికి వెళ్లదు, మీరు ఉద్యోగిగా చేస్తేనో, ఒప్పందంలో రాసిస్తేనో తప్ప. ఆ హక్కు రాసిచ్చినా సరే, ఇది నేను చేశాను అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు ఉంటుంది. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు ప్రభుత్వం కోరితే పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఆయనకు చెప్పకుండా తీసేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, డబ్బిచ్చి చేయించుకున్న ప్రభుత్వం కూడా శిల్పి గౌరవాన్ని దెబ్బతీయకూడదని చెప్పి, మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇమ్మని, ఐదు లక్షల పరిహారం కట్టమని తీర్పునిచ్చింది. ఇది మీకు చెప్తున్నది బావను కోర్టుకు లాగమని కాదు. మీ పేరు అడగడం దయ కోరడం కాదని మీకు తెలియాలని.

ఆయనతో మాట్లాడేటప్పుడు ఆ లక్ష అప్పును, ఈ పేరును కలపనివ్వకండి. మీరూ కలపకండి. మిగిలిన నలభై వేలకు నెలవారీ వాయిదా, తేదీ మీరే చెప్పి, మొదటి వాయిదా కట్టాకే ఈ మాట ఎత్తండి. అప్పుడు, ఆదుకున్నానే అన్న మాట వచ్చినా, అవును, మర్చిపోలేదు, అదిగో తీరుస్తున్నాను అని చెప్పగలరు.

ఆయన ముందు పెట్టగల దారులు నాకు మూడు కనిపిస్తున్నాయి. మొదటిది, ఇప్పటిలాగే టోకుగా ఆయన కొనుక్కోవడం. కాకపోతే మీ కొత్త లెక్క ప్రకారం ధర, పలక మీద మీ పేరు. డబ్బు వెంటనే చేతికొస్తుంది, పైన ఎంతకు అమ్ముకున్నా మీరు అడగకూడదు. రెండోది, బొమ్మ మీదిగానే ఆయన షాపులో ఉండటం, అమ్మాక వాటా పంచుకోవడం. ఎక్కువ వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది, అమ్మిన ధర నిజంగా చెప్తారన్న నమ్మకం ఉండాలి. బిల్లు కాపీ చూపించాలని కాగితం మీద రాసుకుంటేనే ఈ దారి పట్టండి. మూడోది, ఆయన్ను వదిలేసి మీరే అమ్ముకోవడం. అప్పుడు ఫొటోలు, బేరాలు, ప్యాకింగ్, లారీ, డబ్బు కోసం తిరగడం అన్నీ మీ నెత్తిన పడతాయి, బొమ్మలకున్న ఆ కాస్త రాత్రి సమయం కూడా పోతుంది. తెలంగాణకు అమ్మితే రాష్ట్రం దాటిన అమ్మకం కిందికి వస్తుంది. జీఎస్టీ నమోదు కావాలా, హస్తకళలకున్న మినహాయింపు మీకు వర్తిస్తుందా అన్నది ఆడిటర్‌ను అడగాలి. మీ స్థితిలో నేనైతే పెద్ద బొమ్మలకు మొదటి దారి అడుగుతాను, టీపాయిలు, దీపాలు మాత్రం నెమ్మదిగా సొంతంగా అమ్మడం మొదలుపెడతాను. ఆయన మనసు మీకు తెలుసు, నాకు తెలియదు కాబట్టి నిర్ణయం మీదే.

ఆయన ఏమన్నా సరే, ఈ రోజు నుంచి ప్రతి బొమ్మ పొట్ట కింద మీ పేరు, సంవత్సరం, వరస సంఖ్య వెల్డింగ్‌తోనే రాయండి. అస్థిపంజరం, అంటే లోపలి ఇనుప చట్రం దశ నుంచి ఫొటోలు తీసి తేదీలతో దాచండి.

చేప ఆర్డరు గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. రెండు వందల కిలోల గుర్రానికి నలభై రోజులు పట్టిన చేతులు పద్నాలుగు అడుగుల చేపను రెండు నెలల్లో, రాత్రిళ్లు మాత్రమే పనిచేసి పూర్తి చేయలేవు. మీ పక్కనే తెనాలిలో సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కుమారుడు రవిచంద్ర 2021లో పాత ఇనుముతో పద్నాలుగు అడుగుల మోదీ విగ్రహం చేశారు. దానికి పది మందికి పైగా పనివాళ్లు సుమారు రెండు నెలలు పనిచేశారని అప్పట్లో పత్రికలు రాశాయి. వారిది ఏళ్ల తరబడి శిల్పాలే చేస్తున్న కుటుంబం. వీలైతే ఒక ఆదివారం తెనాలి వెళ్లి రండి. ఆర్డర్లు ఎలా తీసుకుంటారో, మనుషుల్ని ఎలా పెట్టుకుంటారో అడగడానికి మొహమాటపడకండి.

సముద్రం సంగతి కూడా ఉంది. విజయవాడలో ఐదేళ్లు నిలిచే రంగు విశాఖ తీరంలో ఏడాది కూడా నిలవకపోవచ్చు. ఉప్పు గాలి అతుకుల సందుల్లో చేరి లోపలి నుంచి తింటుంది, గేర్లూ చైన్లతో చేసిన బొమ్మలో సందులకు కొదవ లేదు. లక్కర్ సరిపోదు. ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు తీసే బ్లాస్టింగ్ చేసి, జింకు ఎక్కువున్న ప్రైమర్, దాని మీద ఎపాక్సీ రంగు, ఆపైన పాలీయురేథేన్ రంగు వేయాలి. లేదా భాగాలుగా చేసి కరిగిన జింకులో ముంచి పూత వేయించాలి. అలా ముంచేటప్పుడు మూసుకుపోయిన బోలు భాగాలకు ముందే రంధ్రాలు పెట్టకపోతే అవి తొట్టిలోనే పేలవచ్చు. కమాన్ కట్టలు, బేరింగుల్లో కార్బన్ ఎక్కువ. మామూలు రాడ్డుతో అతికితే ఆ రోజు పట్టినట్టే ఉండి, చల్లారాక పక్కనే పగులుతుంది. వాటిని ముందు వేడి చేసి, ఆరబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో అతికి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇంకా మంచిది, బరువు మోసే లోపలి అస్థిపంజరం అంతా కొత్త ఎం.ఎస్.తో చేసి, పాత ఇనుమును పైచర్మంగా మాత్రమే వాడటం. పద్నాలుగు అడుగుల చేపకు తుపాను గాలి తెరచాపకు కొట్టినట్టు కొడుతుంది. పునాది, బోల్టుల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరు వేయాలి, దాని ఖర్చు రిసార్టుది. పిల్లలు దాని మీదికి ఎక్కుతారు. ఎక్కకూడదని బోర్డు పెట్టినా ఎక్కుతారు. చేతికి అందే అంచులన్నీ గుండ్రంగా రుద్దాలి.

ఇవన్నీ చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ చేప మీరు చేయగలరనే నమ్ముతున్నాను, ఈ షరతులతో కాదు అంటున్నాను. ఎనిమిది అడుగులకు తగ్గించి, నాలుగు నెలల గడువు అడగవచ్చు. ఒప్పుకుంటే మీ పేరుతో తీరంలో నిలబడే మొదటి పని అవుతుంది. పద్నాలుగు అడుగులే కావాలంటే కాంట్రాక్టు, డబ్బు బాధ్యత బావగారే పెట్టుకుని, మీరూ మీ మనుషులూ రోజు లెక్కన చేసి, శిల్పిగా మీ పేరు ఒప్పందంలో రాయించుకోవచ్చు. లాభం తక్కువ, నష్టం వస్తే మీది కాదు. ఆ రెండూ కుదరకపోతే ఈ ఆర్డరు వదిలేయడమే. వదిలేస్తే మళ్లీ ఇంత పెద్దది ఎప్పుడు వస్తుందో చెప్పలేను. కానీ సగంలో ఆగిన చేప, తాకట్టులో నగలు, ఇంట్లో భార్య, ఆమె అన్నయ్య మధ్య మాటలు లేకపోవడం, ఇవన్నీ ఒకేసారి వస్తే మీరు మళ్లీ రాడ్డు పట్టుకోవడానికే ఇష్టపడరేమోనని నా భయం.

నగలు తాకట్టు పెట్టకండి. ఆర్డరు ఇచ్చినవారి డబ్బుతోనే ఇనుము రావాలి. ఇనుము, రాడ్లు, కూలీ మొదటి నెలకు సరిపడేంత అడ్వాన్సు, అస్థిపంజరం నిలబడ్డాక ఒక వాయిదా, మీ షెడ్డు నుంచి లారీ ఎక్కే ముందు ఇంకోటి, బిగించాక మిగతాది. ఒక పెద్ద రిసార్టు అడ్వాన్సు ఇవ్వనంటే, పని అయ్యాక ఇస్తుందన్న నమ్మకం ఎక్కడిది? మీ పనిముట్ల కోసం అప్పు కావాలంటే పీఎం విశ్వకర్మ పథకం చూడండి. 2023లో మొదలైంది, పద్దెనిమిది చేతివృత్తుల్లో కమ్మరి, శిల్పి కూడా ఉన్నాయి. పూచీకత్తు లేకుండా మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల వరకు ఐదు శాతం వడ్డీకి ఇస్తారు. మీ పని ఆ రెండింటిలో దేని కిందికి వస్తుందో మీసేవలోనో, కామన్ సర్వీస్ సెంటర్‌లోనో అడగండి.

నాన్నగారి మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో ఉత్తరం చూస్తే తెలుస్తోంది. పనివాళ్ల ముందు అనకుండా ఉండాల్సింది. కానీ ఆ ప్రశ్నలో పరిహాసం ఎంతో, భయం కూడా అంతే ఉంది. ఆయన చూసిన లెక్కలో, రాత్రిళ్లు పనిచేసి జ్వరం తెచ్చుకుంటున్న కొడుకు, నలభై రోజుల పనికి ఎదురు డబ్బు పెట్టాడు. ఆయనకు ఆ అంకెలు తెలియకపోవచ్చు, జీవితమంతా బేరాలు చేసిన మనిషికి వాసన మాత్రం తెలుస్తుంది.

గేట్ల షాపు నుంచి శిల్పి రాడని మీరు లోలోపల అనుకుంటున్నారేమో అని కూడా అనిపించింది. స్పెయిన్‌లో పుట్టిన శిల్పి హూలియో గొంజాలెజ్ బార్సిలోనాలో తండ్రి నడిపిన లోహపు పనుల దుకాణంలో పెరిగాడు. 1918లో పారిస్ దగ్గర రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. 1928 ప్రాంతంలో ప్రసిద్ధ చిత్రకారుడు పికాసోకు ఇనుముతో శిల్పాలు చేయాలనిపిస్తే అతుకు వేయడం చూపించింది ఈయనే. తన సొంత ఇనుప శిల్పాలకు పేరు వచ్చేసరికి గొంజాలెజ్‌కు యాభై దాటాయి. అమెరికాలో శిల్పి డేవిడ్ స్మిత్ కూడా కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ లోహం పట్టడం నేర్చుకున్నవాడే. అతుకు ఎక్కడ పట్టుతుందో, ఎక్కడ పగులుతుందో చేతికి తెలియడం ఈ కళలో సగం. అది మీకు ఇచ్చింది మీ నాన్నగారి షాపే.

అందుకే గేట్ల పని ఇప్పుడే పూర్తిగా మానేయమని నేను చెప్పలేను. మానేస్తే ఏమవుతుంది? బొమ్మల ఆర్డర్లు వానల్లా వస్తాయి, పోతాయి. కరెంటు, అద్దె ప్రతి నెలా వస్తాయి. డబ్బు కోసం ఏ ఆర్డరైనా, ఏ ధరకైనా ఒప్పుకునే పరిస్థితి వస్తుంది. పూర్తిగా బొమ్మలు వదిలేస్తే? మీరు ఉత్తరంలో గేటు గురించి రాసిన వాక్యాలు, చెవుల గురించి రాసిన వాక్యం పక్కపక్కన పెట్టి చూశాను. వదిలేసి ప్రశాంతంగా ఉండగలరని నాకు అనిపించలేదు. మధ్యలో ఒక దారి, వారంలో రెండు పగళ్లు బొమ్మలకు కేటాయించడం. రాత్రి పని తగ్గితే ఆరోగ్యం, కళ్లు బాగుంటాయి. ఆ రెండు రోజులకు షాపు నష్టపోయే కూలీ బొమ్మల డబ్బులోంచి నాన్నగారి చేతికి ఇవ్వండి. ఆరు నెలలు అలా చేసి లెక్క చూసుకోండి.

ఇంకోటి, మీ రెండు పనులూ కలిసే చోటు గేటే. పాత గేర్లు, స్ప్రాకెట్లతో నెమలి పురి విప్పినట్టు ఒక గేటు చేయండి. కొలతలు, కీళ్లు, తలుపు వాలకుండా నిలబెట్టడం నాన్నగారికి అప్పగించండి. ఆయన మెచ్చుకుంటారని ఆశ పెట్టుకోవద్దు. ఒప్పుకోకపోవచ్చు కూడా. ఆయన ఒప్పుకోకపోయినా ఆ గేటు అమ్ముడుపోతుంది, చదరపు అడుగు ధరకు కాదు, మీ లెక్క ప్రకారం.

ఇక చివరిగా మీ ఇంటావిడ. మీ ఉత్తరంలో ఆమె రెండు చోట్లే కనిపించారు, నగలు ఉన్న మనిషిగా, బావకు చెల్లెలిగా. కానీ షాపు బిల్లులన్నీ చూసేది ఆమే అని మీరే రాశారు. గొడవ వద్దంటున్నది అన్నయ్య తప్పు చేయలేదని నమ్మి కాదేమో. గొడవ జరిగితే పుట్టింటికి, మెట్టినింటికి మధ్య నలిగేది తానేనని తెలిసి అంటున్నారేమో. బావగారికి ఫోన్ చేయడానికి ముందే, ఆయన షాపు ఫొటో, ఈ 77,000 లెక్క రెండూ ఆమె ముందు పెట్టండి. ఆయన్ను తిట్టకుండా పెట్టండి. ఎలా మాట్లాడితే తన అన్నయ్య వింటాడో మీకంటే ఆమెకే బాగా తెలుసు. మాట్లాడటం మీరే చేయాలా, ఆమె కూడా పక్కన కూర్చోవాలా అన్నది కూడా ఆమెనే అడగండి.